పెద్దప్ప నిలబడిన దోవ

హోసూరు బజారులో గుడ్డల అంగడి ఉన్న ఇంట్లో పుట్టి కూడా కేశవమూర్తి మీటరు బద్ద పట్టలేదు, ఈల పట్టాడు. బడిలో పీటీ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా విసిగి అడగడం మానేశారు. అంగడి మేడ మీద ఒక గది ఆయనది, కింద తమ్ముడి కాపురం. మధ్యాహ్నం భోజనం క్యారియర్‌లో వచ్చి తలుపు కొక్కేనికి వేలాడుతుంది. తెచ్చినవాళ్లు తలుపు తట్టరు. బేరం వదిలి మేడెక్కి కబుర్లు చెప్పే తీరిక అంగడి వాళ్లకు ఎక్కడుంటుంది?

అందుకే ఆయన మాటలన్నీ శనివారానికి దాచుకునేవాడు. ఆ రోజు తాను పనిచేసిన బడి పిల్లలను వ్యానులో డెంకణికోట పక్కన అడవి అంచుకు తీసుకుపోయేవాడు. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు వీస్తోందో చూడడం, అడుగుజాడ పాతదో కొత్తదో పోల్చుకోవడం నేర్పేవాడు. పిల్లలు ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే పెద్దాయన ముఖం వెలిగిపోయేది.

ఆయన పాఠాల్లోకెల్లా పెద్దది ఒక పిలుపు. ఆ అంచు పల్లెలో రైతులు ఏనుగును పేరు పెట్టి పిలవరు. పేరెత్తితే రాగి చేలో దిగుతుందని భయం. నాన్నకు అన్నను పిలిచినట్టు పెద్దప్ప అంటారు. కేశవమూర్తికి అది తెగ నచ్చింది. ఇంటి పెద్ద మీద ఎవరూ రాయి విసరరు, ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు. పిల్లల చేత అదే పిలుపు వల్లె వేయించాడు.

ఆ శనివారం వంక దాటుతుంటే దోవలో నిజంగానే పెద్దప్ప నిలబడి ఉన్నాడు. కేశవమూర్తి చెయ్యెత్తాడు. ఒక్క పిల్ల అరవలేదు, ఒక్కడు పరుగెత్తలేదు. ఏడో తరగతి మోనిషా చిన్నవాళ్ల చేతులు పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి నడిపించింది. ఆ సాయంత్రం మాస్టరు కాళ్లు నేల మీద ఆనలేదు.

సోమవారం ప్రిన్సిపాల్ నమిత పిలిపించింది.

"ఎవురు సార్ ఆ పెద్దప్ప? పిల్లోళ్లు పొయ్యే దోవలో నిలబడి వాళ్లనే చూస్తా ఉన్నాడంట. మోనిషా ఇంట్లో చెప్పింది. వాళ్లమ్మ పొద్దున్నే వచ్చి నన్ను నిలదీసింది."

కేశవమూర్తికి నవ్వొచ్చింది. తర్వాతి మాటతో ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆ ఊర్లో విచారించినాము. చేను కావలి కాసేవాడు పెద్దప్ప అని ఒకడున్నాడంట. వాన్ని పనిలోనించి తీసేయిస్తే మోనిషా వాళ్లమ్మ ఊరుకుంటుంది. మీ శనివారాలు మీకుంటాయి సార్."

ఆయన నోరు మెదపకపోతే చాలు. కాసేపు మెదపలేదు కూడా. దానికి ఆయన్ను తప్పు పట్టకండి. శనివారాలు పోతే ఆ మనిషికి మిగిలేదేమిటో మీకు తెలుసు.

"కావలి కాసే ఆయప్ప మమ్మల్ని చూడనే లేదమ్మా," అన్నాడు చివరికి. "ఆడ నిలబడింది ఏనుగ."

నమిత చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. "ఎంత దూరంలో సార్?"

"ఈడనించి మన గేటంత."

అంతే, శనివారాలు ముగిశాయి. నమిత చెడ్డది కాదు. ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేస్తారు. పిల్లలు నేర్చుకున్నదంతా తప్పు లేకుండా చేసి చూపించడమే మాస్టరు కొంప ముంచింది.

తర్వాతి శనివారం గదిలో కూర్చోలేక ఆయన మార్కెట్టు దాకా నడిచాడు. టమాటాల దగ్గర మోనిషా తల్లి కనిపించింది. సంచి కింద పెట్టి చేతులు జోడించింది.

"ఏనుగ ఎదురొచ్చినా నా బిడ్డను భద్రంగా తెచ్చినారు సార్. ఇంట్లో ఎప్పుడు చూసినా మీ మాటే. మీరు చెప్పినారంటే దానికి వేదం." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇంక పంపించను సార్. తప్పుగా అనుకోవద్దండి."

"మంచిదమ్మా," అన్నాడు కేశవమూర్తి.

ఆ రోజంతా ఆయన నోట వచ్చిన మాట అదొక్కటే.