తొమ్మిది సెంటీమీటర్లు

మావారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. బుధవారం ఇంటికి పంపుతామన్నారు. ఆదివారం ఉదయం ఆరూ పదికి మా మాదాపూర్ ఫ్లాట్‌లో, ఆయన ఉప్పునీటి చేపల తొట్టికి ఉన్న స్కిమ్మర్ మోటారు ఆగిపోయింది. స్కిమ్మర్ అంటే నీళ్లలోకి సన్నని బుడగలు వదిలి, మలినాన్ని నురగగా పైకి తెచ్చి గిన్నెలో పడేసేది. పెద్ద తొట్టి కింద, బల్ల అరలోని చిన్న తొట్టిలో నిలబెడతారు. మధ్యాహ్నానికి నీళ్లు మసకబారాయి. తెల్లచారల జంట చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆరేళ్లుగా ఆయన తన చేత్తో మేత వేసి పెంచుకున్న జంట అది.

"నా జంట ఎలా ఉందే?" అని ఫోన్‌లో అడిగారు.

"బాగానే ఉన్నాయండీ."

నేను రోజూ లెక్కలు రాసుకునే పుస్తకంలో ఏనాడూ తప్పు అంకె వేయలేదు. ఆ మాట మాత్రం అబద్ధం.

కొత్త స్కిమ్మర్ కొనాలంటే తొట్టిలో ఎన్ని నీళ్లు పడతాయో తెలియాలి. అద్దం కొలతలు గుణిస్తే రెండువందల డెబ్బై లీటర్లు వచ్చింది. కాని అందులో రాళ్లూ ఇసుకా కూడా ఉన్నాయి. పాత క్యాలెండర్ తీశాను. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లలో తాగడానికి గీత, చేపలకు సున్నా పెట్టడం నా అలవాటు. తొట్టి నింపిన రోజున పదమూడు సున్నాలు ఉన్నాయి. కింది తొట్టితో కలిపి రెండువందల అరవై లీటర్లు. ఇక అనుమానం లేదు.

ఆటోలో మూసాపేటలోని చేపల తొట్ల దుకాణానికి వెళ్లాను.

"నాలుగడుగుల ట్యాంకా అమ్మా? అయితే గీ ఐదొందల లీటర్లది తీస్కపో. ఫికర్ ఉండది" అన్నాడు దుకాణదారు.

"రెండు చేపలే బాబూ, నీళ్లు రెండువందల అరవై లీటర్లే. అంత పెద్దదానికి మలినం చాలదు, నురగ కట్టదు. మావారి దగ్గరున్న పుస్తకంలో చదివాను. మూడువందల లీటర్లది ఇవ్వు."

"అబ్బో, లెక్కల టీచరమ్మవా ఏంది?" నవ్వుతూ డబ్బా దించాడు. "నువ్వన్నది కరెక్టే. మరి కింద తొట్టిల నీళ్లు ఎంత లోతున్నయ్? జర చెప్పు."

"లీటర్లు చెప్పాను కదా. అది మామూలు తొట్టే" అన్నాను. కొలవలేదని చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం అమర్చి మోటారు పెట్టాను. పావుగంటలో గిన్నె నిండి పొంగింది. గోధుమరంగు నురగంతా తిరిగి నీళ్లలోనే పడింది. ఆపి, కడిగి, మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. పైన ఆడచేప రాతిమీదికి ఒరిగింది. అప్పుడు డబ్బా మీది బొమ్మ చూశాను: పద్దెనిమిది సెంటీమీటర్ల లోతు ఉండాలట. టేపు కింది తొట్టి నీళ్లలో దించితే ఇరవై ఏడు.

నీళ్లు తోడేస్తే, వాటిని పై తొట్టికి ఎక్కించే మోటారుకు అందవు. కాబట్టి స్కిమ్మర్‌నే తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తాలి. ఇనుము, స్టీలు ఉప్పునీటికి తుప్పు పడతాయి. వంటింట్లోని ప్లాస్టిక్ డబ్బాలన్నీ కొలిచాను. ఎనిమిదిన్నర. పదకొండు. ఏడు. చివరికి అటక మీద కోడలు ఇచ్చిన ప్లాస్టిక్ పోపుల డబ్బా దొరికింది. నేను స్టీలుదే వాడతానని రెండేళ్లుగా విప్పలేదు. సరిగ్గా తొమ్మిది. తేలిపోకుండా దాన్ని నీళ్లలో ముంచి, నిండాక అక్కడే మూత బిగించి, దాని మీద స్కిమ్మర్ నిలబెట్టాను.

నురగ మెల్లగా లేచి, గొట్టం మెడ దగ్గర ఆగింది. తరువాత చుక్క చుక్కగా గిన్నెలోకి దిగింది. మంగళవారానికి ఆడచేప మేతకు వచ్చింది.

బుధవారం ఆయన వాకర్ పట్టుకుని తొట్టి ముందు నిలబడ్డారు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నారు.

"కింద అంతా సరిగా ఉందా?"

ఆయన వంగలేరు. నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. నా పుస్తకం తెచ్చి ఆదివారం పేజీ చదివాను. మోటారు ఆగిన వేళ, పదమూడు క్యాన్లు, పొంగిన నురగ, కింద పెట్టిన పోపుల డబ్బా, ఫోన్‌లో నేను చెప్పిన అబద్ధం, చివరి వరుస: "లోతు అడిగాడు. కొలవలేదు. తప్పు నాది."

ఆయన చేపల వంక చూసి, నా వైపు తిరిగారు.

"పోపుల డబ్బానా! ఆవాలు తీశావా లేదా?"

"కొత్తదండీ."

"అయితే పరవాలేదు. మేత డబ్బా ఇటివ్వు" అన్నారు.