ఇరవై ఎనిమిదో తారీఖు పాయసం

పోయిన గురువారం మా కింది పోర్షన్ పెద్దమ్మ పోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని ఇక లేవలేదట. వినగానే ఏడ్చాను. సాయంత్రానికి ఆమె మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చి నవ్వు మొదలైంది. చదివే మీరు తప్పుగా అనుకోవద్దు. ఆమెను తలుచుకుని నవ్వకుండా ఉండటం నాకు చేతకాదు.

ఆమె మాకు చుట్టం కాదు. పెరంబూరులో మేము మేడ మీద, ఆమె కింద, ఇద్దరం అద్దెకే. భర్త రైల్వే వర్క్‌షాపులో చేసి కాలం చేశాడు, ఆ పింఛనుతోనే ఇల్లు నడిపేది. తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు కనక, తెలుగులో మొదలుపెట్టిన మాట ఒక్కోసారి అరవంలో తేలేది. మేమేమో ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళం. మావారికి షోళింగనల్లూరులో ఒక ఐటీ ఆఫీసు క్యాంటీన్‌లో లెక్కలు రాసే ఉద్యోగం. అక్కడి అద్దెలు మాకు అందవు కనక పెరంబూరులో ఉండి, రోజూ రైలూ బస్సూ మారి వెళ్ళేవారు. మా ఊళ్ళో మాత్రం "ఐటీలో చేస్తున్నారు" అని చెప్పుకున్నాం. క్యాంటీన్ ఉన్నది ఐటీ ఆఫీసులోనే కదా, అబద్ధమేముంది!

ఆ గొప్పకు మూల్యం నెలనెలా కట్టాం. ఊరి నుంచి ఎవరొచ్చినా చీర పెట్టాలి. పెళ్ళి పిలుపొస్తే వెండి కుంకుమభరిణెకి తగ్గకూడదు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇరవయ్యో తారీఖు దాటితే నూనె సీసాను మూకుట్లోకి బోర్లించి చుక్క చుక్కా కారనిచ్చేదాన్ని. రెండేళ్ళు చూసి మావారు తేల్చేశారు, ఈ ఊరు మనవల్ల కాదు, ఒంగోలు వెళ్ళి అన్నయ్య కొట్లో చేరతానని. ఉమ్మడి వంటింట్లో చిన్నకోడలిగా నాలుగేళ్ళు గడిపిన దాన్ని. ఈ రెండు గదుల్లో ఇవాళ ఏం కూరో అనుకునేది నేనే. అది వదులుకోవడం నావల్ల కాదు. వెళ్ళి పెద్దమ్మ దగ్గర భోరుమన్నాను.

పెద్దమ్మకో అలవాటు ఉండేది. అందరూ జీతం వచ్చిన రోజు స్వీట్లు తెస్తే, ఆమె ఇరవై ఎనిమిదో తారీఖున పాయసం కాచేది. "సంబళం వచ్చిన దినం అందురూ రాజాలే మే. నెల కడసీలో పాయసం కాచినోళ్ళే సంసారులు" అనేది. నా ఏడుపంతా విని, "ఈ నెల ఇరవై ఎనిమిదికి నాకు పాయసం పొయ్యి. పోసినావంటే మీరు ఈడ బతకతారు. నీ మొగుడికి నేను చెప్తా" అంది.

ఆ రోజు పోశాను కూడా! సేమ్యా, నెయ్యి, జీడిపప్పు, దేనికీ లోటు చేయలేదు. ఒక గుక్క తాగి అడిగింది.

"జీడిపప్పు ఎప్పుడు కొన్నావు?"

"ఇవాళే పెద్దమ్మా."

"దుడ్లు?"

వీధి చివరి కొట్లో ఖాతా రాయించి తెచ్చానని ఒప్పుకున్నాను.

"రుచి బాగుండాది. కానీ ఇది వచ్చే నెల పాయసం మే. ఈ నెలే తాగేస్తా ఉండాం" అని పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. "కాచినాక పారబోస్తామా? ఇంకో గ్లాసు పొయ్యి" అంది ఆ వెంటనే.

ఒకటో తారీఖున తనే మేడెక్కి వచ్చింది. అద్దె లెక్క తర్వాత అంది. ముందు పాయసం సామాను కొనిపించి తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. "సంతోషానికి ముందు తీసి పెట్టల్ల. మిగిలిందాంట్లో పెడతామంటే ఏ నెలా మిగలదు" అంది. తర్వాత మా ఖర్చులన్నీ చెప్పించుకుని మావారి వైపు తిరిగింది.

"అబ్బయా, నీ సంబళం చిన్నది కాదు. ఓటి కుండ. ఒంగోలు దిక్కు కారతా ఉండాది. మీ అన్నకు ఫోను చేసి నిజం చెప్పు."

ఆయన రేపు చేస్తానన్నారు. పెద్దమ్మ కదలకుండా కూర్చుంది. చేయక తప్పలేదు. క్యాంటీన్ అని ఆయన నీళ్ళు నమిలితే అవతల మా బావగారు, "క్యాంటీనా? ముందే చెప్పవేంరా! అయితే తిండికి లోటు లేదన్నమాట. ఇకనుంచి పెళ్ళిళ్ళకి చదివింపులు వద్దులే, వచ్చి వడ్డించు చాలు" అన్నారు. ఫోను పెట్టేసి మావారు నవ్విన నవ్వు, పెళ్ళయ్యాక అంత పెద్దగా వినడం అదే మొదలు. రెండేళ్ళు మేము మోసిన బరువు అవతలివాళ్ళకు ఒక జోకు!

ఆ నెల అద్దె కట్టాం, కొట్టు బాకీ తీర్చాం, చీరలేవీ కొనలేదు. కూరలు మాత్రం వారానికి మూడు రోజులు ములక్కాడే. ఇరవై ఎనిమిదిన పెద్దమ్మ బీరువా తాళం తీసి సామాను నా చేతికిచ్చింది. పాయసం తాగి, మూతి తుడుచుకోకుండానే గదిని కలయజూసింది.

"ఏం మే, రెండేళ్ళుగా ఉండారు, గోడకి ఒక్క మేకు లేదే?"

ఎప్పుడు వెళ్ళిపోతామో అని మేమెప్పుడూ కొట్టలేదు. క్యాలెండరు కిటికీ ఊచకు దారంతో వేలాడుతుండేది. "ఓనరు ఒప్పుకోడేమో పెద్దమ్మా" అన్నారు మావారు.

"ఓనరుకు నేను చెప్తా. ఈడ ఉండేవాళ్ళు మేకు కొట్టుకోరా?"

కిందికి దిగి వాళ్ళాయన సుత్తి పట్టుకొచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే మావారిని స్టూలెక్కించింది. పైపెదవి మీద పాయసం తెల్లగా ఆరిపోతూ ఉంది. తల వెనక్కి వంచి, ఒక కన్ను మూసి గోడ చూస్తూ, "ఇంకొంచెం పైకి... ఆఁ, ఆడనే. గట్టిగా కొట్టు అబ్బయా!"