కరోలినా పక్షాన నా ఉపన్యాసం

మా చరిత్ర మాస్టారికి నోట్సు చెప్పేసి చేతులు దులుపుకునే అలవాటు లేదు. పాఠంలో ఏ దేశపు తగువొచ్చినా క్లాసును రెండు పక్షాలు చేసేవారు. కిటికీ వైపు బెంచీలు ఒకటి, వరండా వైపు బెంచీలు ఇంకొకటి. మూడు రోజులు గడువిచ్చి వాదించమని, చివర్న చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టేవారు. అరవై తొమ్మిదిలో, విజయనగరంలో నేను బి.ఏ. చదువుతున్నప్పుడు, మా బెంచీలకి దక్షిణ కరోలినా వచ్చింది. అమెరికా దేశం పుట్టి యాభై ఏళ్ళు దాటిన రోజుల మాట. విదేశీ సరుకు మీద కేంద్రం వేసిన సుంకం ఉత్తరాది ఫ్యాక్టరీలకి లాభం, బానిసల చేత పత్తి పండించుకునే తనకి నష్టం అని ఆ రాష్ట్రం తిరగబడింది. ఆ చట్టం మా గడ్డ మీద చెల్లదు, బలవంతం చేస్తే విడిపోతాం అంది. నాకు నోరెక్కువ కాబట్టి మాట్లాడే పని నాకే అంటగట్టారు.

సరిగ్గా ఆ వారమే మా అప్ప, బావ, వాళ్ళ మూడేళ్ళ పాప రెండు ట్రంకు పెట్టెలతో తెలంగాణ నుంచి దిగారు. బావ అక్కడ ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని అక్కడ ఉద్యమం జోరుగా సాగుతోంది. తనను ఉంచమని అర్జీ పెట్టుకుని, గొడవలు సద్దుమణిగేదాకా సెలవు మీద వచ్చాడు. ఇటు సొంతూరు కోటబొమ్మాళిలో వాళ్ళకున్న కాస్త పొలానికి నలుగురు అన్నదమ్ములు. ఈ ఉద్యోగం పోతే అతనికి వేరే ఆధారం లేదు. రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి ముందే వీధి అరుగు మీద కూర్చునేవాడు.

నేను సిగ్గులేకుండా ఆ మనిషినే ఉపన్యాసం రాసిపెట్టమన్నాను. ఒక్క పూటలో నాలుగు పేజీలు రాసిచ్చాడు. కష్టం మాది, సుఖం మీది, మా ఇంట్లో మేమే పరాయివాళ్ళమా అంటూ. చదువుతుంటే నాకే ఉత్తరాదివాళ్ళ మీద ఒళ్ళు మండింది.

"ఇంత బాగా ఎలా రాసీసేవు బావా?"

"రాయడానికేటుంది? ఆఫీసులో పక్క సీటాయన రోజూ సెప్పినదే. ఊరి పేర్లు మార్సేనంతే."

"అయితే ఆలు నిన్ను పొమ్మంటే నాయమేనంటావేటి?"

"ఆయన కొడుకు డిగ్రీ పాసై ఖాళీగా ఉన్నాడు. ఆయన బాధ ఆయనది. మరి నన్నేటి సెయ్యమంటావు, సెప్పు."

వంటింట్లోంచి అప్ప గయ్యిమంది. "ఒసే, మీ బావని ఆ సీటు కూడా ఆయనకే రాసిచ్చీమను."

వాదన రోజు నేను చెలరేగిపోయాను. ఉత్తరాది బెంచీలవాళ్ళు కూడా కొందరు మావైపు చేతులెత్తారు. ఆ ఉత్సాహం పట్టలేక ఇంటికి పరుగున వచ్చాను. బావ అరుగు మీదే ఉన్నాడు. చేతిలో కాగితం ఉంది గానీ నేను దాన్ని పట్టించుకోలేదు.

"గెలిసీసినాం బావా. విడిపోవాలనే ఓటేసినారు."

"మంచిదే" అన్నాడు.

గుమ్మంలో అప్ప పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. అర్జీ తోసేశారు. ఉద్యోగంలోంచి తప్పించారు. వేరేచోట ఖాళీ ఉంటే తరవాత తెలియజేస్తారట. నా నోరు పడిపోతే బాగుండునని మనస్ఫూర్తిగా అనుకున్నాను. వెళ్ళి అతని పక్కన కూలబడ్డాను.

కాసేపటికి బావే అడిగాడు. "ఇంతకీ ఆలు నిజంగా విడిపోనారేటి?"

"అప్పుడు లేదు. సుంకం తగ్గిస్తామని కేంద్రం, అయితే ఊరుకుంటామని కరోలినా రాజీ పడ్డాయట. మాస్టారు సెప్పేరు. కానీ అతుకుల రాజీ బావా, నిలవనేదు. ముప్పై ఏళ్ళు తిరక్కుండానే యుద్ధం వొచ్చీసింది."

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంచుమించు ముప్పై ఏళ్ళా" అన్నాడు. "ఆపాటి రాజీ ఇక్కడా దొరికితే, నా సర్వీసంతా అయిపోను కదే."