శాంతక్క వెతికిన ఫార్వర్డ్

శనివారం ఎండ కాస్త వాలేసరికి శాంతక్కతో ఇక వేరే పనులేవీ జరగవు. ప్లాస్టిక్ కుర్చీ ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని ఇంటి వెనక తలుపు తీసుకుని బయల్దేరుతుంది. ఆమె ఇంటికీ సెరి కువాలా కాలేజీ ఫుట్‌బాల్ మైదానానికీ మధ్య ఉన్నది ఒక ఇనుప కంచె. ఆ కంచెలో మనిషి పట్టేంత కంత ఒకటి ఉంది. ఆమె భర్త కిశోర్‌కుమార్ పెళ్ళయిన కొత్తలో కటింగ్ ప్లయర్‌తో కోసి ఇచ్చిన కానుక అది. ఆయనకు ఫుట్‌బాల్ అంటే గిట్టదు, సీరియళ్ళు చూస్తాడు. అయినా కంత మూసేయమని కాలేజీవాళ్ళు వచ్చినప్పుడల్లా వాళ్ళతో పోట్లాడి పంపేది ఆయనే.

శాంతక్క అసలు పేరు శాంతాదేవి. మలేషియాలోని ఈ క్లాంగ్‌లోనే పుట్టి పెరిగింది. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. నేను పోర్ట్ క్లాంగ్‌లోని పామాయిల్ శుద్ధి కర్మాగారం ల్యాబులో పనిచేస్తాను. నేను పనిలో ఉన్నంతసేపూ మా పాపను చూసుకునేది ఆమే. పాపను ఆమె దగ్గర వదలడం మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఒక శనివారం పాపను తీసుకుపోదామని వెళితే ఇంట్లో లేరు. కంచె కంతలోంచి చూస్తే మైదానం అంచున గొడుగు కింద కనిపించారు. పాప ఆమె ఒళ్ళో ఉంది. శాంతక్క అరుస్తోంది.

"ముందుకి తన్నురా! ముందుకి! ఎనక ఏటుంది, మీ అత్తోరిల్లా?"

పిల్లల చెవికి ఎంత చప్పుడు సురక్షితమో నేను అప్పటికే చదివి పెట్టుకున్నాను. దోమల గురించీ, ఎండ గురించీ కూడా. కంతలో దూరి, చున్నీ చింపుకుని, పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"అక్కా, పాప భయపడదూ?"

"భయమా! సూడు దాని మొగం," అంది శాంతక్క.

పాప రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నవ్వుతోంది. ఆ రోజు నుంచి శనివారాలు నేనూ ఒక కుర్చీ వేసుకున్నాను, పాప కోసమని చెప్పుకుంటూ.

ఆట గురించి నాకు తెలిసింది తక్కువే కాని సెరి కువాలా జట్టు బాధ అర్థం చేసుకోవడానికి పెద్దగా తెలియనక్కర్లేదు. కోచ్ పేరు సెల్లప్పన్. మంచివాడు. ఆయన తల్లి తెలుగామె కాబట్టి తెలుగు మాట్లాడతాడు, శాంతక్క తిట్లన్నీ తేలిగ్గా అర్థమవుతాయి కూడా. ఏవో శిక్షణ తరగతులకు వెళ్ళి వచ్చిన దగ్గర నుంచి బంతిని పోగొట్టుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. అందుకని కుర్రాళ్ళు బంతిని పక్కకు తంతారు, వెనక్కి తంతారు, మళ్ళీ పక్కకు తంతారు. అవతలివాళ్ళకు విసుగు పుట్టి ఒకసారి లాక్కుని వెళ్ళి గోలు కొడతారు. ఆట అయ్యాక సెల్లప్పన్ టాబ్లెట్ పట్టుకుని మా కుర్చీల దగ్గరికి వస్తాడు.

"చూడండి అక్కా, అరవై ఎనిమిది శాతం సేపు బంతి మన దగ్గరే ఉంది."

"ఉంటే ఏటి? దాసుకుని ఇంటికి అట్టుకెల్తారా?"

శాతాలు లెక్కకట్టి జీతం తీసుకునే మనిషిని నేను. అయినా ఆ విషయంలో నేను శాంతక్క పక్షమే.

కొత్త ఆటగాళ్ళను తెచ్చే పద్ధతి ఇంకా గొప్పది. సెల్లప్పన్ వీడియోలు చూసి, ఎత్తు చూసి ఎంచుతాడు. అలా వచ్చిన ఒక కుర్రాడు కొబ్బరిచెట్టంత ఉంటాడు. బంతి తలమీదికి వస్తే మాత్రం కళ్ళు మూసుకుంటాడు. ఇంకొకణ్ణి ముందుండి గోళ్ళు కొట్టే ఫార్వర్డ్‌గా తెచ్చి, గోల్‌కీపర్ కాలు బెణికితే గోల్లో నిలబెట్టి, ఆ తర్వాత అక్కడే మరచిపోయారు. అలా ఆ ఏడాది సగం ఆటలయ్యేసరికి సెరి కువాలా పట్టికలో అట్టడుగుకు చేరింది. చివరి స్థానంలో ముగిస్తే కింది డివిజన్‌కు దిగిపోవాలి. శాంతక్క ఆ కంత గుండా మైదానంలోకి రావడం మొదలుపెట్టాక ఇంతవరకూ అలా జరగలేదు. ఆమెకు ఆకలి మందగించింది. సాయంత్రం టీతో రెండు వడలు తినే మనిషి ఒకటితో ఆపేస్తుంటే కిశోర్‌కుమార్ గారు నన్ను పక్కకు పిలిచి, "సుగర్ టెస్టు సేయించాలేటమ్మా?" అని అడిగారు.

ఒక ఆట ఓడిపోయాక ఆమె నోరు ఎక్కువే లేచింది. సెల్లప్పన్‌కు కూడా ఆ రోజు ఓపిక లేదు.

"అంత తెలిస్తే మీరే ఒకణ్ణి తీసుకురండి అక్కా. సగం సీజన్‌లో ఒక స్కాలర్‌షిప్ సీటు ఖాళీ ఉంది. తెచ్చి చూపించండి."

"తెత్తాను లా! నాను తేలేననుకున్నావా?"

మాట చివర ఆ 'లా' ఇక్కడ అందరికీ ఊతపదం. తేవడానికి మనిషి అప్పటికే ఆమె మనసులో ఉన్నాడు. బటాంగ్ బెర్జుంటై దగ్గర తోటలో లోగేశ్వరి అని ఆమెకు దూరపు చుట్టం ఉంది, పామాయిల్ మొక్కల నర్సరీలో మేస్త్రీ. ఆమె కొడుకు విక్నేష్‌కు పద్దెనిమిదేళ్ళు. తోటల మధ్య పోటీలో వాడు ఆడటం శాంతక్క ఒకసారి చూసింది. "ఆ గుంటడు బంతి అట్టుకుంటే ఎనక్కి సూడడు," అని చాలాసార్లు చెప్పింది.

ఆదివారం మా కారులోనే వెళ్ళాం. వెనక సీట్లో పాప, పాప పక్కన శాంతక్క, ఆమె ఒళ్ళో పెద్ద పళ్ళెం. పళ్ళెంలో అరటిపళ్ళు, తమలపాకులు, మురుకులు, పైన కాలేజీ జెర్సీ మడిచి పెట్టి ఉంది. ఈజోక్ ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా పామాయిల్ చెట్లే. గెలల లోరీ ముందు పోతుంటే, అందులోంచి ఒక గెల మా అద్దం మీద పడితే ఏమవుతుందోనని దూరం పాటిస్తూ నడిపాను. శాంతక్క దారి పొడుగునా చెప్పబోయే మాటలు వల్లె వేసుకుంది.

ఆ పళ్ళెం చూసి లోగేశ్వరి ఇంటి వరసలోని ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు.

"ఏటి శాంతక్కా, సంబంధమా? లోగీకి కూతురు లేదు గదా!" అందొకామె.

"కొడుక్కే అడగడానికొచ్చినాను, ఎల్లి నీ పని సూసుకో!"

లోగేశ్వరి నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన చేతులు, తొందరలేని మాట. మాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. విక్నేష్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. తెలుగు వాడికి అర్థమవుతుంది కాని నాలుగు మాటలకు మించి పలకదు. శాంతక్కను చూసి ముసిముసిగా నవ్వుతూ, "ఆంటీ, కోచ్‌ని స్కోల్డ్ చేసేది మీరే కదా? ఫోన్‌లో వీడియో చూసినాను," అన్నాడు.

"సూసినావా? బాగున్నాదా?" అంది శాంతక్క మెరిసిపోతూ.

ఆ తర్వాత వల్లె వేసిన మాటలన్నీ బయటికి వచ్చాయి. హాస్టల్ ఎంత శుభ్రంగా ఉంటుందో, తన ఇల్లు ఎంత దగ్గరో, ఆదివారం కోడికూర ఎలా వండి పెడుతుందో, మైదానం గడ్డి పరుపులా ఎలా ఉంటుందో. గడ్డి మాట విని నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మైదానంలో గడ్డి ఉన్నది రెండు మూలల్లోనే.

లోగేశ్వరి అంతా విని నవ్వింది.

"అక్కా, అచ్చం కంగాణీ లాగ మాటాడతన్నావు లా."

గుమ్మాల్లోని ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళందరికీ తెలిసిన మాటే. తాతల రోజుల్లో తోటల దొరలు కూలీల కోసం కంగాణీని సొంతూరికి పంపేవారు. అతను కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళి, అక్కడ పని తేలిక, తిండి పుష్కలం అని నమ్మించి జనాన్ని ఓడ ఎక్కించేవాడు. ఆ వరసలోని ప్రతి ఇంటి పెద్దలూ అలాంటి ఒకడి మాట మీదే సముద్రం దాటి వచ్చారు. శాంతక్క తాత పైడయ్య కూడా.

అందరూ నవ్వుతున్నారు కాని శాంతక్క నవ్వలేదు. మురుకు ముక్క పాప చేతికి అందకుండా పక్కకు జరిపి, ఊరికే దాన్ని చూస్తూ కూర్చుంది.

"కోపమొచ్చినాదేటి? సరదాకన్నాను," అంది లోగేశ్వరి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కాపర్ ఊరి కాలేజీవోళ్ళు కూడా పిల్సినారు. కరెంటు పని కోర్సంట, ఆటా ఆడొచ్చంట. నాకు ఈ బోలా ఆట సంగతులు తెలీవు. నీకు తెలుసు. నీ కొడుకైతే ఎక్కడికి అంపుతావు?" అని అడిగింది.

శాంతక్క పళ్ళెంలోని జెర్సీ మడత సరిచేసింది. ఆ ఒక్క కుర్రాడు వస్తే జట్టు నిలబడుతుందని ఆమె నమ్మకం. నాకైతే అప్పుడే లేచి కారెక్కాలనిపించింది.

"కాపరే," అంది చివరికి.

"ఏటి?"

"కాపర్‌కే అంపుతాను. మా కోచ్ మంచోడే లోగీ, కాని కాళ్ళు సూడడు, పొడుగు సూత్తాడు. నీ కొడుకు పొట్టోడు. తీసుకెల్లి ఎనకాల నిలబెడతాడు, లేదంటే బెంచీ మీద కూకోబెడతాడు. మా కాలేజీలో ఆటగాళ్ళకిచ్చే కోర్సు సదివినోళ్ళు ఇద్దరు మా ఈదిలోనే లోరీ తోల్తన్నారు. గడ్డి కూడా లేదు. అబద్దమాడినాను."

ఎవరూ నవ్వలేదు. విక్నేష్ తల్లి వైపు చూశాడు. లోగేశ్వరి లేచి, శాంతక్క గ్లాసులో మళ్ళీ టీ పోసింది.

తిరుగు దారిలో శాంతక్క కాలేజీ జెర్సీని విసనకర్రలా ఊపుకుంటూ కూర్చుంది.

"ఎందుకు సెప్పినాను తన్మయీ? నోరు మూసుకుంటే సరిపోను గదా! అలామక్, నా అంత తెలివితక్కువది లేదు."

"మంచి పనే చేశావక్కా."

"మంచి పనికి పాయింట్లు రావు లా," అంది.

ఆ వారం సెల్లప్పన్ అడిగితే రాడని మాత్రమే చెప్పింది. "చూశారా అక్కా, ఆటగాణ్ణి తేవడమంటే అరిచినంత తేలిక కాదు," అన్నాడాయన. అంత మాట పడి శాంతక్క ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. విక్నేష్ కాపర్‌లో చేరాడు. ఇక్కడ మా వాళ్ళు రెండు ఆటలు గెలిచి, మూడు ఓడి, మిగతావి వెనక్కి తన్ని తన్ని డ్రా చేసుకున్నారు. చివరి ఆట సొంత మైదానంలోనే, కాపర్‌తో. డ్రా అయినా చాలు, పై డివిజన్‌లో నిలుస్తారు.

ఆ రోజు గొడుగు పక్కన మూడో కుర్చీ వెలిసింది, లోగేశ్వరి కోసం. కొడుకు ఆడుతుంటే చూడటం ఆమెకు భయమట, సగం సేపు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అందులో నాకు ఆశ్చర్యం కలగలేదు. మా పాప కంచె పట్టుకుని నిలబడితేనే నేను పరుగెత్తుకెళతాను.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మా కొబ్బరిచెట్టు కుర్రాడు బంతిని అలవాటుగా వెనక్కి తన్నాడు. గోల్‌కీపర్ దాన్ని అందుకునేలోపు మధ్యలోకి ఒక పొట్టి ఆకారం దూరింది. విక్నేష్. బంతి వలలో పడింది.

శాంతక్క కుర్చీలోంచి లేచింది. ఆమె గొంతులోంచి మొదట వచ్చింది కేక. ఏ జట్టు కోసమో ఆమెకే తెలియదనుకుంటాను. తర్వాత కొబ్బరిచెట్టు వైపు తిరిగి, "ఎనక ఏటుందని తన్నినావురా!" అని అరుస్తుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. లోగేశ్వరి కొంగు తీసి, "ఏటైనాది? ఎవులు కొట్టినారు?" అని అడుగుతోంది.

"నీ కొడుకే లా! మమ్మల్ని కిందకి తోసేసినాడు. బాగా కొట్టినాడు, బంగారు గుంటడు!"

ఆట ముగిసింది. ఒకటి సున్నా. సెల్లప్పన్ టాబ్లెట్ లేకుండా మా దగ్గరికి వచ్చాడు.

"ఆ అబ్బాయేనా అక్కా, మీరు చూసొచ్చింది?"

"ఆడే. నానే రావద్దన్నాను. కాపర్‌కి ఎల్లమన్నాను."

సెల్లప్పన్ పక్కనే ఉన్న నీళ్ళ డబ్బా మీద కూర్చున్నాడు.

"ఎందుకక్కా? మీరు మనవాళ్ళు కాదా?"

"మనోళ్ళమే. ఆడి తల్లి నన్ను నమ్మి అడిగినాది. నీ దగ్గరికి తెచ్చుంటే ఈ రోజు ఆడు గోలు కొట్టునా? బెంచీ మీద కూకుని సీసాలు అందించును."

ఆయన కాదనలేదు. మైదానం వైపు తిరిగి, "వచ్చే ఏడు కింది డివిజన్. తోటల్లోంచి కుర్రాళ్ళను తేవాలి. ఆ ఊళ్ళు నాకు తెలియవు. మీరు వచ్చి ఆ తల్లులతో మాట్లాడతారా?" అని అడిగాడు.

"మాటాడతాను. కాని నిజమే సెప్తాను."

"ఐయో అక్కా, నిజం చెబితే ఒక్కడూ రాడు!"

"అయితే సెప్పుకోడానికి బాగుండే నిజం ముందు నువ్వు తయారుసెయ్యి," అంది శాంతక్క. "రేపటి నుంచే మొదలెట్టు. ముందు గడ్డి ఎయ్యి."

సెల్లప్పన్ మైదానం మధ్యలో ఎర్రమట్టి తేలిన చోటును కాసేపు చూశాడు. గడ్డి ఏ రకమైతే ఎండకు తట్టుకుంటుందని నన్ను అడిగాడు, నేను సైన్సు చదివానని ఎవరో చెప్పారట. నాది రసాయనశాస్త్రమని చెప్పేలోపే లోగేశ్వరి అందుకుంది.

"అది నాకు తెల్సును లా. మా నర్సరీ పక్కనే అమ్ముతారు. సోమవారం లోరీ తీసుకుని రా."