గొంతు అప్పజెప్పే కుర్చీ

అతన్ని అందరూ పూచెయ్యి అనేవాళ్ళు. గడ్డం గీస్తుంటే కత్తి తగిలినట్టే ఉండదు. లెక్కల మాస్టారైతే నురగ పూయకముందే గురక పెట్టేవాడు. షాపు బావమరిదిది, అంటే పెళ్ళాం వాళ్ళ అన్నయ్యది. రెండు కుర్చీలు, ఎదురుగా ఒక్కటే పొడుగాటి అద్దం. షట్టరు దించేముందు ఒకరి గడ్డం ఒకరు గీసుకోవడం ఆ షాపు ఆనవాయితీ. రోజంతా ఊరి గొంతులు చూసినవాడు తన గొంతు పక్కవాడికి అప్పజెప్పాలి, అప్పుడే పని అయినట్టు.

అలాంటి మనిషికి నిద్ర కరువైంది. అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. ఎందుకని అడిగితే తెలీదనేవాడు. భార్య మాత్రం దిష్టి అనీ, గ్యాసు అనీ సరిపెట్టుకోలేదు, నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది.

"కత్తి పట్టుకున్నప్పుడు ఏమనిపిస్తుంది?" అనడిగాడు డాక్టరు.

"ఎదుటివాళ్ళకి గీసేటప్పుడు ఏమీ అనిపించదండీ, ప్రాణం హాయిగా ఉంటుంది. అద్దంలో నా మెడ చూసుకున్నప్పుడే భయమేస్తుంది."

డాక్టరు మాత్రలు రాసి, కొన్నాళ్ళు సొంత గడ్డం సొంతంగా గీసుకోవద్దన్నాడు. "మా షాపులో ఎటూ ఎవరిది వాళ్ళం గీసుకోమండీ," అని నవ్వాడతను. ఎన్నాళ్ళకో నవ్వాడని భార్య గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకుంది.

మాత్రలు పనిచేశాయి. నిద్ర పట్టింది, చేతికి కులాసా వచ్చింది. కానీ మందుల షాపువాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా. పూచెయ్యి పిచ్చి మాత్రలు కొంటున్నాడని కనపడ్డవాడికల్లా చెప్పాడు. మర్నాడు లెక్కల మాస్టారు మొహాన నురగతోనే పూచెయ్యి కుర్చీలోంచి లేచాడు. "నాకేం తొందర లేదులే, ఆయన ఖాళీ అయ్యాక కూర్చుంటా," అంటూ పక్కనున్న బావమరిది కుర్చీ వెనకాల నిలబడ్డాడు. చదువుకున్నవాడు మరి, మర్యాదగానే లేచాడు. ఆ తర్వాత అందరూ అంతే. పెళ్ళిచూపులకి ఆలస్యమైపోతోందని గోల పెడుతున్న పెళ్ళికొడుకు కూడా ఖాళీ కుర్చీ వంక చూడలేదు.

ఆ సాయంత్రం బావమరిది షట్టరు సగం దించి, "నేను పొద్దున ఇంట్లోనే గీసుకున్నా బావా," అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆనవాయితీ అలా పోయింది. పూచెయ్యి చేతికి చీపురొచ్చింది.

భార్య పుట్టింటికి పరిగెత్తింది. "అన్నయ్యా, నువ్వాయన కత్తి కింద కూర్చోకపోతే మానె, ఆయనకి నువ్వు గియ్యి. డాక్టరు మరీ మరీ చెప్పాడు."

"గీస్తే ఆ తర్వాత నన్ను కూర్చోమంటాడే. పిల్లలు గలవాణ్ణి. ముందు ఆ మాత్రలు మానిపించు, కుర్చీ ఇచ్చేస్తా. మాత్రలు మింగేవాడంటేనే కదా జనం జడిసేది."

ఆ షరతు తెలిసి పూచెయ్యి మాత్రలు మానేస్తానన్నాడు. ఆవిడ వద్దని మొగుడి కాళ్ళావేళ్ళా పడింది. అతను వినలేదు. చీపురు పట్టుకుని అద్దం ముందు నిలబడడం కంటే నరకం లేదన్నాడు. మాత్రలు మానేశాడు.

బావమరిది షాపు నిండా జనం ఉండగా, "మా బావకి నయమైపోయింది, మాత్రలన్నీ మానేశాడు," అని చాటాడు. అందరికీ సంబరమే. మాస్టారు ముందుగా వచ్చి కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. హమ్మయ్య, మళ్ళీ మన మనిషయ్యాడన్నారు. నిద్ర లేక గుంటలు పడ్డ అతని కళ్ళు అద్దంలో అందరి ఎదుటే ఉన్నాయి. ఒక్కడు చూస్తే ఒట్టు. ఎవరి గొంతు వాళ్ళు చూసుకున్నారు.

చేయి మాత్రం అదే చేయి. ఎవరికీ చిన్న గాటు పడలేదు.

ఆ శనివారం సాయంత్రం పని తెమిలాక అతను బావమరిది కుర్చీలో కూర్చుని తువ్వాలు తనే చుట్టుకున్నాడు. "బావా, ఇవాళ నాకు గియ్యవా? నేనే గీసుకోవాలంటే భయంగా ఉంది," అన్నాడు.

"నయమైపోయిందిగా, ఇంకా ఏం భయం? అద్దముంది, కత్తుంది, కానిచ్చుకో. నన్ను ఇంటికి పోనీ." తాళంచెవి బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

ఎంతకీ రాకపోయేసరికి భార్యే వచ్చి షట్టరెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది.

పది రోజులు మూసి, షాపు మళ్ళీ తెరిచారు. అతని బట్టలూ గొడుగూ తీసుకెళ్దామని ఆవిడ వెళ్ళేసరికి మాస్టారు మెడ తడుముకుంటూ చెబుతున్నాడు: "తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ఆ కత్తి నా గొంతు మీద ఉండగా బుద్ధి తిరిగుంటే? బతికిపోయాను."

"మీ గొంతుకేం భయం మాస్టారూ," అంది ఆవిడ. "ఆయన భయమంతా తన గొంతు గురించే. ఆ మాటే చెప్పుకుని మాత్రలు తెచ్చుకున్నాడు. మీరు కూర్చోవాలనే మానేశాడు."

ఆవిడ గొడుగు తీసుకుని మెట్లు దిగింది. మాస్టారు బావమరిది కుర్చీ ఖాళీ కాగానే వెళ్ళి కూర్చున్నాడు.