జీపుకు డీజిల్ ఇంజను

ఈ రోజు పొద్దున నా పాత పెట్రోలు జీపును ఖిలా వరంగల్‌లో మెకానిక్ సారయ్య షెడ్డుకు తీసుకెళ్లాను. ఇంజను తీయించి, ట్రాక్టరుకు వాడే డీజిల్ ఇంజను ఎక్కించాలని పట్టుదల. పోయిన వారం మా పెద్దమ్మను దవాఖానకు తీసుకెళ్తుంటే, వాగు దాటాక ఒడ్డు ఎక్కలేక ఈ జీపు బురదలో ఇరుసు దాకా దిగబడిపోయింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి ఆమె ప్రాణం పోయింది.

సారయ్య బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయించి, చాలాసేపు విన్నాడు. డీజిల్ ఇంజను బాగా లాగుతుంది గానీ బరువెక్కువ, ముందు చక్రాల మీది స్ప్రింగు పట్టీలు కూడా మార్చాలన్నాడు. అన్నీ మార్చమన్నాను.

"జర ఆగు తమ్మీ. ఆ రోజు బండిల ఎంతమంది ఉన్నరు?"

"పెద్దమ్మ గాక పన్నెండు మంది."

"గంతమందా? దిగుమనకపోయినవా?"

"ఎట్లనాలె అన్నా? అందరు మనోళ్లేనాయె. దవాఖానకు తోలుకపోకుంటె మనసుల పెట్టుకుంటరు."

సారయ్య బానెట్ మూసి, "ఇంజను మంచిగనే ఉన్నది, ఇంటికి పో" అన్నాడు.

పొద్దున వాగుకు భయపడి చుట్టుదారిన పోయాను గానీ, సాయంత్రం వాగు దారినే వచ్చి, దాటాక బండిని మళ్లీ వెనక్కి తిప్పాను; ఇంకా ఆరని అదే బురదలో, ఖాళీ జీపు ఆ ఒడ్డును ఒక్క ఊపున ఎక్కేసింది. పైన ఆపి, ఆ రోజు ఎక్కిన పన్నెండు మందినీ పేరుపేరునా లెక్కపెట్టాను.

దిగమంటే నాలుగు రోజులు నాతో మాట్లాడేవారు కాదు, అంతే. మీరైతే ముందుగా ఎవరిని దిగమనేవారో చెప్పండి. నాకు ఇప్పటికీ ఒక్క పేరూ తోచడం లేదు.