పొగగొట్టం మీద అయిదో రంగు

ఏటా చలికి సరస్సు గడ్డకట్టే వేళకు ఓడలన్నీ అమెరికాలోని సుపీరియర్ రేవుకు చేరాయంటే, వాటికి రంగులేసే ఐలీ కంగాస్‌కు చేతినిండా పనే. ఇనుప ఖనిజం మోసే ‘ఆల్మా క్విస్ట్’ అనే ముసలి ఓడ చేతులు మారినప్పుడల్లా, దాని పొగగొట్టానికి కొత్త కంపెనీ రంగు పూసింది ఆవిడే.

అలా దాన్ని కొన్న మూడు కంపెనీలు మూతపడ్డాక, నాలుగో కంపెనీ మేనేజరు లిండ్‌గ్రెన్ వచ్చాడు.

“ఏమ్మా, ఒక్క పూత పూసి వదిలెయ్. వచ్చే ఏడు ఎలాగూ తుక్కుకే పోతుంది.”

ఐలీకి ఒళ్లు మండింది. “దీన్ని తుక్కన్నవాళ్లంతా దీనికంటే ముందే మునిగారు బాబూ!” అంటూ దట్టంగా మూడు పూతలు పట్టించింది. వసంతంలో ఆల్మా రేవు దద్దరిల్లేలా కూత పెట్టి, మంచుపెళ్లలు చీల్చుకుంటూ బయల్దేరింది.

మరుసటి చలికాలానికి ఓడ నిక్షేపంగా తిరిగొచ్చింది. కంపెనీయే దివాలా తీసింది. ఓడను కొన్న అయిదో కంపెనీ ఆకుపచ్చ రంగు డబ్బాలు పంపింది. వాటి వెనకే, ఆ కంపెనీ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, కొత్త కొలువులో లిండ్‌గ్రెన్ దిగాడు.

“ఐలీ గారూ, ఈసారి ఎన్ని పూతలు వేద్దామంటారు?”

ఐలీ నిచ్చెన మీంచి అతన్ని ఎగాదిగా చూసింది.

“ఓడకు మూడు వేస్తా. నీ టోపీకి మాత్రం ఒక్కటి చాలు నాయనా, మళ్లీ మార్చాల్సిందేగా!”